ఎరుపు ఒకసారి, నలుపు ఒకసారి

డిసెంబర్ 3, 2024. మంగళవారం

జీడిపప్పు వ్యాపారి బిల్లింగు ఫైలు ఇవాళ తెరిచాను. 2,412 లైన్లు, ఒకే ఫైలు. రాసిన కుర్రాడు రెండేళ్ల కిందట బెంగళూరు వెళ్లిపోయాడట, ఫోను నంబరు కూడా మారిపోయింది. పైన పీహెచ్‌పీ, దాని మధ్యలో హెచ్‌టీఎంఎల్, దాని కడుపులో జావాస్క్రిప్ట్, ఆ జావాస్క్రిప్ట్ కోట్స్‌లో మళ్లీ హెచ్‌టీఎంఎల్, అక్కడక్కడ ఎస్‌క్యూఎల్. అన్నిటి మీదా కొత్తిమీర జల్లినట్టు తెలుగు: బాకీ, బస్తా, గుండు, బద్ద, ముక్క.

ఎడిటర్ ఫైలు పేరు తోక చూసి ఇది పీహెచ్‌పీ అని తీర్మానించుకుంది. 312వ లైను దాకా రంగులు బుద్ధిగానే ఉన్నాయి. అక్కడ్నుంచి తిరగబడ్డాయి. కోట్స్‌లో ఉండాల్సింది బయట, బయట ఉండాల్సింది కోట్స్‌లో. చొక్కా తిరగేసి తొడుక్కున్నవాణ్ని చూసినట్టుంది.

గంటసేపు వెతికితే దొరికింది. పేరులో సింగిల్ కోటు ఉంటే తీసెయ్యమని చెప్పే చిన్న జావాస్క్రిప్ట్ ముక్క, రెండు స్లాష్‌ల మధ్య ఒక్క కోటు. జావాస్క్రిప్ట్‌లో స్లాష్ భాగహారమైనా కావచ్చు, వెతకాల్సిన నమూనా మొదలైనా కావచ్చు. దాని ముందు ఏముందో చూస్తేగానీ తెలీదు. ఎడిటర్ భాగహారం అనుకుంది. దాంతో ఆ కోటు ఏదో మాట మొదలుపెట్టినట్టయింది, తర్వాత వచ్చిన ప్రతి కోటూ తలకిందులైంది.

డిసెంబర్ 4. బుధవారం

రంగుల సంగతి వ్యాపారికి చెప్పాను. నా మొహం చూసి జాలిపడ్డాడు. “రంగులెందుకు తమ్ముడూ, బిల్లొస్తంది కదేటి?”

నిజమే, వస్తోంది. ఎడిటర్‌కి అర్థం కాకపోయినా సర్వర్‌కి అర్థమవుతోంది. ఫైల్లో ఏ తప్పూ లేదు, చదివేదానిలోనే ఉంది.

డిసెంబర్ 7. శనివారం

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. లంబసింగి మంచు చూడ్డానికి వెళ్లే కార్లు, ఒకటి వెనక ఒకటి, హారన్లతో సహా. డిసెంబరు శనివారాలు ఈ ఊరికి నిద్ర ఉండదు. మంచు వాళ్లకి, మోత మాకు.

డిసెంబర్ 9. సోమవారం

ఇలాంటి రోజు పగవాడికి కూడా వద్దు.

బాకీ ఉన్నవాళ్లకి మెసేజీలు వెళ్లే పని సంక్రాంతి దాకా ఆపమన్నాడు వ్యాపారి. పండగ ముందు బాకీ అడిగితే బాగోదని. మంచి మాటే. ఆ ముక్క ఎక్కడుందో చూసి, మొత్తం సెలెక్ట్ చేసి, కంట్రోల్ స్లాష్ కొట్టాను. లైన్లన్నీ బూడిదరంగులోకి మారాయి. బూడిదరంగు అంటే కామెంటు, కామెంటంటే పడుకున్నట్టే కదా అనుకున్నాను. సర్వర్లో పెట్టేశాను. పేజీ సరిగా వస్తోందో లేదో అని మొన్నరాత్రి ఓ ఏడుసార్లు తెరిచి చూసుకున్నాను.

పొద్దున ఆరూ నలభైకి ఫోను. “ఏటి తమ్ముడూ, మాకవరపాలెం ఆయనకి ఏడు మెసేజీలెల్లాయంట. ఏడు! ఆయనింట్లో పెళ్లి పెట్టుకున్నాడు. ఏటనుకుంటాడు?”

లేచి కూర్చుని పేజీ సోర్స్ తెరిచాను. బూడిదరంగు కామెంటు భద్రంగానే ఉంది. దాని లోపల ఒక లైను: పంపిన మెసేజీలు 46.

డిసెంబర్ 10. మంగళవారం

మళ్లీ అలా జరక్కుండా నాకోసం రాసుకుంటున్నాను.

కర్సరు ఉన్న చోట హెచ్‌టీఎంఎల్ ఉంది. కాబట్టి ఎడిటర్ హెచ్‌టీఎంఎల్ పద్ధతిలో <!-- అని మొదలెట్టి --> అని ముగించింది. ఆ గుర్తులు బ్రౌజర్ కోసం. ‘ఇది చూపించకు’ అని. కానీ ఫైలు ముందు వెళ్లేది బ్రౌజర్ దగ్గరికి కాదు, సర్వర్లో కూర్చున్న పీహెచ్‌పీ దగ్గరికి. దానికి <!-- అంటే అర్థం లేని నాలుగు అక్షరాలు. దాన్ని అలాగే దాటేసి, లోపలున్న తన భాష కనపడగానే పని మొదలుపెడుతుంది. 46 మంది పేర్లు చదివింది, 46 మెసేజీలు పంపింది, ‘పంపాను’ అని రాసి బ్రౌజర్‌కి అప్పజెప్పింది. బ్రౌజర్ ఎంతో మర్యాదగా ఆ లైనుని నా కంటికి కనపడకుండా దాచింది.

ఇంట్లో దొంగ పడితే తలుపు మీద పరదా వేసినట్టు.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. పీహెచ్‌పీలో రెండు స్లాష్‌లు పెడితే ఆ లైను చివరి దాకా కామెంటే అని అందరం అనుకుంటాం. కాదు. ఆ కామెంటులో ఎక్కడైనా ?> వచ్చిందా, కామెంటు అక్కడితో సరి, పీహెచ్‌పీ కూడా అక్కడితో సరి. మిగతాదంతా పేజీ మీదకి ఒలికిపోతుంది. అలాగే జావాస్క్రిప్ట్ కోట్స్‌లో స్క్రిప్ట్ మూసే గుర్తు రాస్తే, కోట్స్ అని కూడా చూడకుండా బ్రౌజర్ స్క్రిప్టుని అక్కడే మూసేస్తుంది. బయటి భాషకి లోపలి భాష కోట్స్ పట్టవు. దానికి కావలసింది తన గుర్తే. అందుకే పాతకాపులు ఆ స్లాష్‌కి ముందు ఒక వెనక స్లాష్ తగిలిస్తారు, దిష్టిచుక్కలాగ.

మాకవరపాలెం ఆయనకి వ్యాపారి ఒక కిలో గుండు పప్పు పంపాడు. దాని ఖరీదు నా బిల్లులో తగ్గుతుందట.

డిసెంబర్ 12. గురువారం

ఇవాళ ఎడిటర్ నాకు మేలు చేద్దామని ఫైలంతా వరసలు సర్దింది. పేజీ తెల్లగా వచ్చింది. తప్పు 2,413వ లైనులో ఉందంటోంది. ఫైలే 2,412 లైన్లు.

పీహెచ్‌పీలో పొడుగాటి రాతని కోట్స్ లేకుండా పెట్టడానికి ఒక దారి ఉంది. ఒక మాటతో మొదలుపెట్టి, అదే మాట మళ్లీ ఒంటరిగా వచ్చినప్పుడు ముగిసిందనుకోవడం. ఆ మాట ఏదైనా కావచ్చు. బెంగళూరు కుర్రాడు ఏ మాట ఎంచుకున్నాడో చూసి నవ్వొచ్చింది. ‘శుభం’. పాత సినిమా చివర తెర మీద పడేది. పీహెచ్‌పీకి పేర్లలో తెలుగు అక్షరాలతో పేచీ లేదు కాబట్టి అది చక్కగా నడిచింది ఇన్నాళ్లూ.

అయితే ఆ ముగింపు మాట లైను మొదటి గడిలోనే ఉండాలి. ముందు ఒక్క ఖాళీ ఉన్నా ముగింపు కాదు. 2018 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7.3 నుంచి ఆ పట్టింపు పోయింది గానీ, ఈ సర్వర్లో ఉన్నది 5.6. దానికి రక్షణ మరమ్మతులు కూడా 2018తోనే ఆగిపోయాయి. ఎడిటర్ అందం కోసం శుభాన్ని నాలుగు ఖాళీలు లోపలికి జరిపింది. శుభం పడలేదు, సినిమా ఆగలేదు, రీలు అయిపోయింది.

ఆ కుర్రాణ్ని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. ఇవాళ కొంచెం ఇష్టం కలిగింది.

డిసెంబర్ 15. ఆదివారం

మావయ్య వచ్చాడు. అబీద్ సెంటర్లో సైకిలు రిపేరుకిచ్చి, అయ్యేలోపు ఇక్కడ కూర్చుంటానని. ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో కంపోజిటరు. డీటీపీ వచ్చాక ప్రెస్సు మూసేశారు. అక్షరాలన్నీ సీసం ధరకి తూకానికి అమ్మేశారు. ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతు మారుతుంది ఆయనకి.

నా వెనక నిలబడి స్క్రీను చూశాడు. “ఏటిరా అల్లుడూ ఇది, ఇన్ని రంగులు?”

చెప్పాను. ఒక్కో భాషకి ఒక్కో పద్ధతి, అన్నీ ఒకే కాగితం మీద, ఎడిటర్‌కి ఎక్కడ ఏ భాషో తెలీక తికమక.

“ఎరుపూ నలుపూ కలిసిన పెళ్లికార్డు లాంటిదన్నమాట” అన్నాడు. కాదేమో అనబోయి ఆగాను. తర్వాత ఆయన చెప్పింది రాసి పెట్టుకోవాలనిపించింది.

పెళ్లికార్డులో శ్రీరస్తు శుభమస్తు ఎరుపు, వధూవరుల పేర్లు ఎరుపు, మిగతాది నలుపు. ట్రెడిల్ మిషను మీద ఒకసారికి ఒకే సిరా. అందుకని ముందు మొత్తం కార్డుని ఒకేసారి కంపోజు చేస్తారు. ప్రూఫు తీసి దిద్దుతారు. అంతా సరిగా ఉందనుకున్నాక, నలుపులో పడాల్సిన అక్షరాలన్నీ తీసేసి, వాటి స్థానంలో సరిగ్గా అదే కొలతకి ఖాళీ దిమ్మలు పేరుస్తారు. ఖాళీ దిమ్మ ఎత్తు తక్కువ, సిరా అంటదు, కాగితానికి తగలదు. కానీ చోటు మాత్రం పట్టుకుని ఉంటుంది. అలా ఎరుపు ఒకసారి కొట్టాలి. సిరా కడిగి, ఎరుపు అక్షరాలు తీసి వాటి చోట ఖాళీలు పెట్టి, నలుపు అక్షరాలు వాటి చోట్లలోకి తెచ్చి, అవే కార్డులు మళ్లీ నలుపులో.

“దిమ్మ ఒక్క పిసరు తగ్గిందనుకో, పెళ్లికొడుకు పేరు ఎల్లి మామగారి పేరు మీద కూసుంటాది” అన్నాడు. “మా ఓనరు కొట్టేవోడు.”

డిసెంబర్ 17. మంగళవారం

మావయ్య మాట రెండ్రోజులుగా వదలట్లేదు. ఎందుకంటే ఇప్పటి ఎడిటర్లు చేస్తున్నది అచ్చం అదే.

ఒక ఫైల్లో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ కలిసి ఉన్నాయనుకుందాం. సీఎస్‌ఎస్‌లో తప్పులు చూసే యంత్రానికి సీఎస్‌ఎస్ తప్ప ఇంకేదీ రాదు. దాని ముందు మొత్తం ఫైలు పెడితే గుడ్లు తేలేస్తుంది. అందుకని ఎడిటర్ ఆ ఫైలుకి ఒక దొంగప్రతి తయారుచేస్తుంది. సీఎస్‌ఎస్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మిగతా ప్రతి అక్షరం బదులు ఒక ఖాళీ. లైన్లు అన్నే, గడులు అన్నే. అప్పుడు ‘40వ లైను 12వ గడిలో తప్పు’ అని యంత్రం చెబితే అసలు ఫైల్లోనూ అది 40వ లైను 12వ గడే. తర్వాత జావాస్క్రిప్ట్ యంత్రానికి ఇంకో దొంగప్రతి. ఎడిటర్లకి అనుబంధాలు రాసేవాళ్లకి ఇది మామూలు విద్య. ఎరుపు ఒకసారి, నలుపు ఒకసారి. ఖాళీ దిమ్మలే ప్రాణం.

డొనాల్డ్ నూత్ 1984లో లిటరేట్ ప్రోగ్రామింగ్ అని రాసినప్పుడు చూపించిందీ ఇలాంటిదే. ఒకే ఫైల్లో మనుషులు చదివే వ్యాసం టెక్‌లో, యంత్రం నడిపే ప్రోగ్రాం పాస్కల్‌లో. ఆ ఫైలుని చదవడానికి రెండు వేరు వేరు పనిముట్లు. టాంగిల్ అనేది ప్రోగ్రాం ముక్కలు ఏరుకుపోతుంది, వీవ్ అనేది అచ్చుకి పోవలసింది నేస్తుంది. రెండూ ఒకటే కాగితం చూస్తాయి, రెంటికీ కనపడేది వేరు. ఆయనది తెలివైన ఏర్పాటు. ఏ భాష ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గుర్తులు ఆయనే పెట్టాడు. మన పీహెచ్‌పీ ఫైల్లో గుర్తులు ఎవరివి వాళ్లవి.

ఖాళీ దిమ్మల పద్ధతికీ ఒక చోట కాలు జారుతుంది. జావాస్క్రిప్ట్‌లో ‘బాకీ’ ఈక్వల్ టు అని రాసి, అంకె రావాల్సిన చోట పీహెచ్‌పీ ముక్క పెట్టాడు కుర్రాడు. పీహెచ్‌పీ ఖాళీ అయిపోతే జావాస్క్రిప్ట్ యంత్రానికి కనపడేది: బాకీ ఈక్వల్ టు, ఏమీ లేదు, సెమికోలన్. వెంటనే ఎర్రగీత గీస్తుంది. నిజానికి తప్పు లేదు. పీహెచ్‌పీ వచ్చి అక్కడ 4,650 అని పూరించేది తర్వాత.

డిసెంబర్ 18. బుధవారం

ఈ ఎర్రగీత సంగతి మావయ్యకి ఫోన్లో చెప్పాను. “పిలుపు కార్డులో శ్రీయుత అనేసి చుక్కలొగ్గేత్తాం కదేటి, పేరు రాసుకోడానికి. ప్రూఫు చూసీ కొత్తోడు అక్కడ పేరు తప్పిపోయిందని గీత పెట్టీసేవోడు.”

డిసెంబర్ 20. శుక్రవారం

ఈమాక్స్ అనే ఎడిటర్‌తో పాటు వచ్చే ఫైళ్లలో హలో అని ఒకటి ఉంటుంది. ప్రపంచ భాషల్లో నమస్కారాలు, ఒకదాని కింద ఒకటి. అందులో తెలుగు కూడా ఉంది, నమస్కారం అని. అరబిక్ కుడి నుంచి ఎడమకి, మనది వత్తులతో సహా, చైనీస్, జపనీస్, అన్నీ ఒకే తెర మీద ఏ గొడవా లేకుండా.

అదే ఈమాక్స్‌కి పుట్టుక నుంచీ ఒక నియమం. ఒక బఫరుకి, అంటే తెరిచిన ఫైలుకి, ఒకే మేజర్ మోడ్. పాస్కల్ అయితే పాస్కల్, సీ అయితే సీ. ఇళ్లల్లో లాగ, ఒకరే పెద్ద. ఫైల్లో రెండు భాషలు కలవగానే ఆ పెద్దరికం ఇబ్బందిలో పడింది. దాన్ని తప్పించుకోడానికి ఎన్ని ఉపాయాలో: ఎంఎంఎం మోడ్, వెబ్ మోడ్, పాలీమోడ్. కర్సరు గీత దాటగానే పెద్దని మార్చడం ఒక పద్ధతి. అన్ని భాషలూ వచ్చిన ఒక్క పెద్దనే కూర్చోబెట్టడం ఇంకో పద్ధతి, వెబ్ మోడ్ చేసేది అదే. ఇప్పుడు ట్రీ సిట్టర్ వచ్చాక ఫైలుకి వ్యాకరణం ప్రకారం ఒక చెట్టు కట్టి, దాని కొమ్మకి ఇంకో భాష చెట్టుని అంటుకడుతున్నారు. వాళ్లు దాన్ని ఇంజెక్షన్ అంటారు. మన జీడిమామిడి నర్సరీ వాళ్లని అడిగితే సరైన మాట చెప్పేవాళ్లు.

మనుషుల భాషలు ఎన్నయినా పక్కపక్కన పెట్టగలిగింది గానీ యంత్రాల భాషలు రెండు కలిస్తే తడబడింది. వింతగా అనిపించినా కారణం తేలికే. నమస్కారాన్ని ఎడిటర్ గీయాలి, అంతే. అర్థం చేసుకోనక్కర్లేదు. ప్రోగ్రాంని అర్థం చేసుకుంటేగానీ రంగు వెయ్యలేదు, వరస సర్దలేదు, కామెంటు పెట్టలేదు.

డిసెంబర్ 24. మంగళవారం

ఆర్టీసీ కాంప్లెక్సులో చింతపల్లి బస్సు కోసం ఒకామె, పక్కన కూతురు. కూతురితో ఏజెన్సీ భాషలో మాట్లాడుతోంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అదే గుక్కలో కండక్టరుతో తెలుగు. ఫోను వచ్చింది, ఇంకో భాష, ఒడియాలా ఉంది. చిల్లర లెక్క మాత్రం మూడుసార్లూ తెలుగులోనే. ఎక్కడా తడబడలేదు. ఎదుటి మొహం చూస్తే చాలు, ఏ భాషో ఆమెకి తెలిసిపోతోంది.

17వ శతాబ్దం చివర తంజావూరు ఏలిన మరాఠా రాజు షాహాజీ పంచభాషా విలాసమని ఒక నాటకం రాశాడు. ఒకే నాటకంలో సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ. చూసేవాళ్లు తికమకపడి ఉండరు. భాష మారినప్పుడల్లా పాత్ర కూడా మారుతుంది, పాత్రకి ఒక మొహం ఉంటుంది, వేషం ఉంటుంది. ఫైల్లో పాత్రలకి మొహాల్లేవు. ఒక స్లాష్, ఒక కోటు. అందరూ ఒకే చొక్కా తొడుక్కుని స్టేజి ఎక్కారు.

డిసెంబర్ 28. శనివారం

ఫైల్లో ‘సాఫ్ట్‌వేర్’ అని వెతికాను. రెండు చోట్ల ఉందంది. కంటికి మూడు కనపడుతున్నాయి. మూడోది ఎందుకు దొరకదు?

ట కింద వ వత్తు పడకుండా, పొల్లు నిలబడేట్టు, మధ్యలో ఒక కనపడని గుర్తు పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. మూడోచోట దాన్ని రెండుసార్లు నొక్కాడు కుర్రాడు. ఒక్కటున్నా రెండున్నా కంటికి ఒకటే, వెతికే యంత్రానికి కాదు. ఖాళీ దిమ్మ కూడా కాదిది, దానికి వెడల్పే లేదు. మావయ్యకి చెబితే నమ్మలేదు. “చోటు పట్టని దిమ్మా?”

జనవరి 2, 2025. గురువారం

ఆ కనపడని గుర్తు గురించి చదువుతుంటే 2018 ఫిబ్రవరి సంగతి గుర్తొచ్చింది. జ, పొల్లు, ఞ, ఆ కనపడని గుర్తు, ఆపైన దీర్ఘం. ‘జ్ఞా’లోకి ఆ గుర్తు దూరిందన్నమాట. ఆ వరస మెసేజీలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఆ నాలుగు రోజులు తెలుగు అక్షరం అంటే ప్రపంచమంతా భయపడింది. మా చెల్లి హైదరాబాద్ నుంచి ఫోను చేసి ‘నీ పేరు మెసేజీలో రాయొచ్చా?’ అని అడిగింది. నా పేరులో జ్ఞా లేదు.

జనవరి 4. శనివారం

ఫైలు విడగొట్టాను. పైన లెక్కలన్నీ ఒక ఫైలు, జావాస్క్రిప్ట్ ఒకటి, సీఎస్‌ఎస్ ఒకటి, పేజీ ఆకారం ఒకటి, తెలుగు మాటలన్నీ ఒకటి. సర్వరు కూడా కొత్తది. మెసేజీల ముక్కకి తలుపు, తాళం, గొళ్లెం. ఎడిటర్ చల్లబడింది. ఎక్కడా ఎర్రగీత లేదు.

పుస్తకాల ప్రకారం నేను చేసిందే ఒప్పు. కానీ ఇవాళ వ్యాపారి ‘బద్ద రెండో రకం అని ఇంకో గడి కావాలి’ అన్నాడు. నిన్నటిదాకా ఒక చోట మూడు లైన్లు మార్చే పని. ఇవాళ ఐదు ఫైళ్లు తెరిచాను. గడి పేరు ఒకచోట, లెక్క ఒకచోట, వెడల్పు ఒకచోట. కుర్రాడు తెలివితక్కువవాడేం కాదు. దుకాణంలో బిల్లు రాసేవాడి బుర్రలో సరుకు, లెక్క, గీత, మాట అన్నీ ఒకేసారి ఉంటాయి. అతనూ అలాగే రాశాడు. పీహెచ్‌పీ పుట్టిందే అందుకు, 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వదిలినప్పటి నుంచీ పేజీలోనే లెక్క ఇమడ్చడం దాని స్వభావం. ఎడిటర్ సుఖం కోసం నేను మనిషి ఆలోచనని ఐదు ముక్కలు చేశాను. విడగొట్టకపోతే మళ్లీ ఏడు మెసేజీలు. కాబట్టి విడగొట్టే ఉంచుతాను. సంతోషంగా కాదు.

జనవరి 11. శనివారం

“మన ఊరికి సున్నా ఏదీ తమ్ముడూ?”

వ్యాపారి వాట్సాప్‌లో బిల్లు ఫొటో పంపాడు. కింద చిరునామాలో ‘నర్సీపట్న’ అని, దాని పక్కన నల్లటి డైమండులో ప్రశ్నార్థకం. పాత కుర్రాడు ఊరిపేరు గడిని 28 దగ్గర కత్తిరించాడు. 28 అక్షరాలు అనుకున్నాడు. పీహెచ్‌పీ పాత కత్తెర అక్షరాలు లెక్కపెట్టదు, బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్ 8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. మన ఊరు 30 బైట్లు. 27 దాకా తొమ్మిది గుర్తులు సరిపోయాయి, 28వ బైటు దగ్గర కత్తెర పడింది, సున్నా మూడో వంతు మిగిలింది. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు.

కత్తెర పేరుకి ముందు ఎంబీ చేర్చితే గుర్తులు లెక్కపెడుతుంది. మార్చాను.

జనవరి 12. ఆదివారం

రేపు భోగి. వీధిలో పిల్లలు పాత కుర్చీలూ తడకలూ పోగేస్తున్నారు. మావయ్య పాత కేసు చెక్క ఒకటి తెచ్చి ఇచ్చాడు మంటకి. ప్రెస్సులో అక్షరాలు పెట్టుకునే గడులున్న చెక్క. నేను ఇవ్వనివ్వలేదు, గోడకి తగిలిస్తానన్నాను. ఆయన ఏమీ అనలేదు.

కూర్చున్నాక స్క్రీను మీద ఊరిపేరు పెద్దది చేసి చూపించాను. ఇందులో ఎన్ని అక్షరాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారని చెప్పాను. బైట్లు 30. యూనికోడ్ గుర్తులు 10: న, ర, పొల్లు, స, గుడిదీర్ఘం, ప, ట, పొల్లు, న, సున్న. చూసే కంటికి ఎన్ని అనే లెక్కకి యూనికోడ్ వాళ్లదే ఒక నియమం ఉంది. దాని ప్రకారం 2023 సెప్టెంబరు దాకా 6, పొల్లు దగ్గర విరిచేసేది. ఆ నెల వచ్చిన యూనికోడ్ 15.1, వత్తుని విడదీయకూడదని తెలుసుకుంది, అప్పట్నుంచి 4. బళ్లో రెండో తరగతి పిల్లాడు చెప్పేది కూడా నాలుగే.

మావయ్య కళ్లజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వచ్చాడు. వేలితో లెక్కపెట్టాడు. “న ఒకటి. రీ ఒకటి. కింద స వత్తు ఒకటి. ప, ట. ట కింద న వత్తు. సున్న. ఏడు. ఏడు గడుల్లోకి చెయ్యెల్తాది.”

“గుడిదీర్ఘం స తర్వాత కదా మావయ్యా ఫైల్లో?”

“కనపడీది ర మీద కదేటి. స కింద కూసుంది. కింద కూసున్నోడికి గుడెలా పెడతావు?”

చూపిద్దామని ర్సీ తర్వాత కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కాను. ర నెత్తి మీది గుడి పోయింది, స వత్తు మిగిలింది. మళ్లీ నొక్కితే స వత్తు పోయి, పక్కనున్న ప వచ్చి ర కింద వత్తుగా కూర్చుంది. మూడోసారి ఒట్టి ర. మావయ్య నోరు తెరుచుకుని చూశాడు. ఒకే అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా పైనుంచీ కిందనుంచీ ఊడదీస్తుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. “ఎనక్కి పెట్టీ” అన్నాడు గబుక్కున.

పెట్టేశాను.

జనవరి 16. గురువారం

కనుమ వెళ్లిపోయింది. వ్యాపారి దుకాణం తెరిచాడు. కొత్త బిల్లు మొదటిది నేనే తీశాను, అర కిలో బద్ద, మావయ్య పేరు మీద. సున్న వచ్చింది. డైమండు లేదు.

మావయ్య బిల్లుని ఎండలోకి పట్టుకెళ్లి, దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, ట కింద న వత్తు దగ్గర చిన్న గీత పెట్టాడు, పక్కన ఎడమవైపుకి ఒక బాణం.

“పిసరు జరిపించు” అన్నాడు.